జపాన్ థియేటర్లో అంకుల్

హామిల్టన్ లైబ్రరీలో రిటైర్డ్ ప్రొఫెసర్ అంకుల్ ఒక జపాన్ నగరపు పాత థియేటర్ చరిత్ర మీద ఉపన్యాసం దంచుతున్నారు. తెరమీద ఆ ఎర్ర లాంతర్లు చూడగానే నా చిన్నతనం గుర్తొచ్చింది. నాన్న ఉద్యోగం వల్ల అప్పుడు మేం ఆ ఊళ్లోనే ఉండేవాళ్లం. ఈయనగారు మా ఇంటికి అతిథిగా వస్తే, అందరం ఆ థియేటర్లోనే నాటకానికి వెళ్లాం.

నాటకంలో నటుడు ఠీవిగా నిలబడగానే, వెనక నుంచి ఓ ముసలాయన అతని ఇంటిపేరు పెట్టి కేకేశాడు. అక్కడ మెచ్చుకోలు అదేనని నాకు తర్వాత తెలిసింది. అంకుల్ లేచి, "సైలెన్స్ ప్లీజ్" అని గద్దించారు. ఇక చివరిదాకా ఎవరూ నోరెత్తలేదు. ఆయనంటే ఎంత గౌరవమో అని మురిసిపోయాను.

"జపాన్ ఆడియన్స్ డిసిప్లిన్ చూడాలండీ," అంటున్నారు అంకుల్ ఇప్పుడు. "షో అంతా ఒక్క మాట వినపడలేదు."

హాలంతా చప్పట్లు. నేను జేబుల్లోంచి చేతులు తియ్యలేదు.