బండల సందులో పడ్డ బంతి

నిన్న షేక్‌పేటలో ఒక షాపు ముందు కొత్త బాస్కెట్‌బాల్ రబ్బరు వాసన తగలగానే నా అరచేతులకు చెమట పట్టింది. తొంభైల్లో ఫిల్మ్‌నగర్‌లో నాతో ఆడిన అమ్మాయిలూ, గుర్తుందా? కోర్టు వెనక పెద్ద బండలు, వాటి సందుల్లో పాములు. బంతి అటు పడితే కెప్టెనే తేవాలనేది మన కోచ్ సార్ పెట్టిన రూలు.

నేను కెప్టెనైన మొదటి రోజే బంతి అక్కడ పడింది. చెయ్యి పెట్టబోతే లోపల ఏదో సరసరమంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"ఏందమ్మా, భయమైతుందా?" అన్నారు సార్.

లేదనబోయి, "చాలా భయంగా ఉంది సార్" అనేశాను. ఇక కెప్టెన్సీ పోయినట్టే అనుకున్నాను.

"ఆగవే, నేనొస్తున్న" అంటూ మన పద్మ కర్ర తెచ్చింది. వెనకే మిగతా మీ ముగ్గురూ వచ్చారు. బంతిని బయటికి లాగుతుంటే చూశాను. ఒకే కర్ర మీద అయిదుగురి చేతులు. అన్నీ వణుకుతున్నాయి.