చెప్పులు బయట, ఫ్లాపీ లోపల

ఆ రోజుల్లో మా జహీరాబాద్‌లో కంప్యూటర్ అంటే సగం యంత్రం, సగం దేవుడు. ఎనభైల చివర్లో నేను కొత్తగా చేరిన రైతుల సంఘం ఆఫీసులో దానికోసం ప్రత్యేకంగా ఒక గది, ఆ గదికి ఏసీ, గుమ్మం బయట ‘చెప్పులు విడువుము’ అని బోర్డు. (మా ఇంట్లో నాకు ఫ్యాను కూడా సరిగా తిరిగేది కాదు.) సంఘానికి నాలుగు ట్రాక్టర్లుండేవి. ఎవరి పొలం ఏ రోజు దున్నాలో ఆ వంతుల పట్టిక కంప్యూటర్లో పెట్టి నడిపేది నేనే. పట్నంలో మూడు నెలలు నేర్చుకున్న విద్యకు ముప్పై ఏళ్ల అనుభవమున్నవాడి గర్వం తోడయింది.

ఆ కంప్యూటర్‌కు సొంతంగా దాచుకునే చోటు లేదు. ఫ్లాపీ పెట్టి స్విచ్చి వేస్తే, అందులో ఏముంటే అది చదువుకుని లేచేది. మా పెద్దసారు, అంటే సంఘం కార్యదర్శి, కంప్యూటర్‌తో వచ్చిన అసలు ఫ్లాపీ కవరుకు పసుపుకుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బీరువాలో దేవుడి పటం పక్కన ఉంచి తాళం వేశారు. "నకలుతోని నడుపుకో. అసలుది ముట్టకు," అన్నారు. నేనూ టైపిస్టు అక్కా ఆ పూట కడుపుబ్బ నవ్వుకున్నాం.

ఒక శనివారం పట్నం దోస్తు ఇచ్చిన ఆటల ఫ్లాపీ తెచ్చుకున్నాను. చెప్పులు భక్తిగా బయట విడిచి, ఫ్లాపీని మాత్రం సగౌరవంగా లోపలికి తీసుకెళ్లి, దానితోనే కంప్యూటర్‌ను లేపి, ఒళ్లు మరిచి ఆడాను. ఆట అయ్యాక స్విచ్చి ఆపకుండానే ఆఫీసు ఫ్లాపీలన్నీ ఒక్కొక్కటే పెట్టి పని చూసుకున్నాను. తెలివైనవాణ్ని కదా, టైము ఆదా చేశాననుకున్నాను.

సోమవారం తొలకరి పడింది. పట్టిక తెరిస్తే సగంలో ఆగిపోయింది. ఫ్లాపీల పేర్లు పోయి వాటి చోట ఎవరిదో ముక్కూమొహం తెలియని పేరు కనిపించింది. ఝరాసంగం నుంచి, కోహీర్ నుంచి రైతులు వచ్చి వరండాలో కూర్చున్నారు. కోహీర్ పటేలు లోపలికి తొంగిచూసి, "నా వంతు ఎప్పుడో జెప్పు బిడ్డా. పదును ఆరిపోతే అల్లం ఎట్ల పెట్టాలె?" అన్నాడు. పెద్దసారు ఇంకా నెమ్మదిగా, "రేపు పొద్దుగాల్లకు పట్టిక కావాలె. లేకుంటే నీకు ఈడ పని లేదు," అన్నారు.

పట్నం ఇంజినీరుకు ఫోను చేస్తే, "అది వైరస్. ఫ్లాపీ మొట్టమొదటి భాగంలో కూర్చుంటుంది, చూడండి," అన్నాడు. చూశాను. అక్కడ ఏమీ లేదు, అద్దంలా ఉంది. కొత్త ఫ్లాపీలు విప్పి వాటిలోకి నకలు తీశాను. అవీ పాడయ్యాయి. ఉన్న ఉద్యోగం ఊడుతోందని ఏడుపొచ్చింది. (నిజంగానే ఏడ్చాను, ఏసీకి ముక్కు కారుతోందని చెప్పాను.)

అక్క టైపు ఆపి నా వైపు చూసింది. "తమ్మీ, పెరుగు జిగురొచ్చిందనుకో. అదే పెరుగు మళ్ల తోడేస్తే కొత్త పాలు గూడ జిగురే అయితయి. గిన్నె మంచిగ కడిగి, వేరే ఇంటి తోడు తెచ్చుకోవాలె. నువ్వేమో పొద్దటి సంది అదే తోడేస్తున్నవ్."

అప్పుడు వెలిగింది. కంప్యూటర్‌తోపాటే ముందుగా నిద్రలేచి లోపల కూర్చున్నది ఆ వైరసే. ఫ్లాపీ చూపించమని నేను అడిగితే తనను దాచేసి శుభ్రమైన మొహం చూపిస్తోంది. దొంగనే పిలిచి దొంగ ఎక్కడున్నాడని అడుగుతున్నాను. దాని చెయ్యి తగలని ఫ్లాపీ ఊరు మొత్తంలో ఒక్కటే ఉంది, దేవుడి పటం పక్కన.

తాళంచెవి అడిగితే పెద్దసారు నా మొహంలోకి చూసి, జేబులోంచి తీసి ఇచ్చారు. అసలు ఫ్లాపీ అంచున ఉన్న గంటు మూసేస్తే దానిమీద ఎవరూ ఏమీ రాయలేరు. మూసే కాగితపు బిళ్ళలు అయిపోయాయి. అక్క తన నుదుటి మీది పెద్ద మఖ్మల్ బొట్టుబిళ్ళ తీసి అక్కడ అతికించింది. స్విచ్చి పూర్తిగా ఆపి, వంద లెక్కపెట్టి, అసలు ఫ్లాపీతో లేపాను. ఇందాకటి ఫ్లాపీనే మళ్లీ చూస్తే మొదటి భాగంలో దొంగ దర్జాగా కూర్చుని కనిపించాడు. కొత్త ఫ్లాపీలను మొదటినుంచి శుభ్రం చేసి, పట్టికను మాత్రం వాటిలోకి తీసుకున్నాను. పాత ఫ్లాపీలన్నీ తుడిచేశాను. వైరస్ తినేసిన పదకొండు పేర్లు మాత్రం దొరకలేదు. వరండాలోకి వెళ్లి అడిగితే, ఎవరి వెనక ఎవరో రైతులే వరసగా అప్పజెప్పారు. పటేలు వంతు మర్నాడే.

తాళంచెవి తిరిగి ఇస్తుంటే పెద్దసారు కళ్లద్దాలు తుడుచుకుంటూ, "మంచిగ జేసినవ్ పిల్లగా. ఇగనుంచి ఆ ఆటల ఫ్లాపీ గూడ చెప్పుల కాడనే ఇడిశిపెట్టి రా," అన్నారు. ఆ ఫ్లాపీ సంగతి అప్పటిదాకా నేను ఎవరికీ చెప్పనేలేదు.

ఇప్పుడు ఇలాంటి వైరసుల్లో ఇంకా లోతుగా దిగి దాక్కునేవాటిని రూట్‌కిట్ అంటున్నారు. మా అమ్మాయి లాప్‌టాప్‌కు ఒకటి పడితే, శుభ్రమైన పెన్‌డ్రైవ్‌తో బయటినుంచి లేపి తీసేసింది. పక్కన కూర్చుని చూస్తుంటే, ఇరవై రెండేళ్ల కుర్రాడొకడు చెప్పులు విడిచి, ఫ్లాపీ పట్టుకుని లోపలికి పోతున్నట్టనిపించింది. ఆగరా అనాలనిపించింది. అనలేదు. వాణ్ని ఆపేస్తే, తన బొట్టు తీసి నా ఉద్యోగం నిలబెట్టిన అక్క నాకు ఎక్కడ దొరుకుతుంది?