సీసపు గుండు కింద కొవ్వు

దోహా నగరంలోని అల్ దోహా అల్ జదీదా పేటలో మాంసం కొట్టు ముందు కారు ఆపి, మా ఆయన దిగి వెళ్ళి చిన్న డబ్బాతో తిరిగొచ్చాడు. అది నా ఒళ్ళో పెట్టగానే కారంతా గొర్రె కొవ్వు వాసన కమ్ముకుంది. ఏసీ నడుస్తున్నా అద్దాలు దించేశాడు. వేడిగాలి మొహాన కొట్టింది. మా ఇంట్లో ఈ కొవ్వు ఎవరూ ముట్టరు. దీన్ని నేను సముద్రం మీదికి తీసుకెళ్తాను. ఎందుకో చెప్పాలంటే నర్సింగరావు గారి గురించి చెప్పాలి.

ఆయన మా సర్వే కంపెనీలో నా మొదటి బాస్. సముద్రం లోతులు కొలిచి, పడవలు ఏ దారిన వెళ్ళాలో చూపే పటాలు గీయడం మా పని. నేను కాకినాడ పిల్లను. ఆయనది జగిత్యాల వైపు పల్లె. ఉద్యోగంలో చేరేదాకా సముద్రం మొహమే చూడలేదట. "నువ్వు అలల చప్పుడు వినుకుంట పెరిగినవ్ బిడ్డా, నీకు సముద్రమంటే భయం లేదు. నాకున్నది. గా భయమే నాకు అన్నం పెడ్తున్నది" అనేవారు. అప్పట్లో నేను దాన్ని వినయం అనుకున్నాను. కాదు, ఆయనకు నిజంగానే భయం.

ఆయన గదిలో గోడకు ఒక పాత పటం నకలు వేలాడేది. పందొమ్మిదో శతాబ్దంలో తెరచాప ఓడల్లో వచ్చిన ఇంగ్లీషు నౌకాదళం వాళ్ళు ఈ తీరాన్ని కొలిచి గీసింది. యంత్రాలు లేని రోజులు. చిన్న పడవల్లో తెడ్లు వేసుకుంటూ తిరిగి, తాడుకు సీసపు గుండు కట్టి నీళ్ళలోకి దించేవారు. గుండు అడుగున చిన్న గుంట ఉండేది. అందులో కొవ్వు కూరేవారు. తాడు లోతు చెబితే, కొవ్వుకు అంటుకొచ్చింది చూసి అడుగున ఇసుకో బురదో చెప్పేవారు. ఏమీ అంటలేదంటే కింద రాయి ఉన్నట్టు. ఆ పటంలో అక్కడక్కడా తెల్లటి ఖాళీలు ఉండేవి. "ఇక్కడేం రాయలేదేం సార్?" అని అడిగాను. "వాళ్ళు గాడికి పోలే బిడ్డా. పోలేదని సిగ్గుపడకుంట వదిలిపెట్టిన్రు" అన్నారు.

ఇండస్ట్రియల్ ఏరియాలో ఓ వర్క్‌షాపులో చెప్పి అలాంటి గుండే ఒకటి పోత పోయించుకున్నారాయన. యంత్రంతో కొలిచాక కూడా దాన్ని ఓసారి దించి చూడందే ఆయనకు నిద్ర పట్టేది కాదు. కొవ్వు డబ్బా ఆఫీసు ఫ్రిజ్‌లో ఉండేది. ఒకరోజు కేరళ కొలీగ్ దాంతో ఆమ్లెట్ వేసుకున్నాడు. నర్సింగరావు గారు అగ్గి మీద గుగ్గిలమయ్యారు. తిన్నాయన మాత్రం ఆమ్లెట్ బాగుందన్నాడు.

మా ఆయన సైట్ ఇంజనీరు. ఒక ఏడాది తీరానికి దూరంగా ఒక చిన్న దీవి మీద ఆయనకు పని పడింది. మనుషుల్ని తీసుకెళ్ళే పడవకు దారి చూపే పటం మా కంపెనీయే గీయాలి. నడి దారిలో చేపల వలలు పరిచి ఉండటం, పైగా గాలి లేవడం వల్ల ఒకచోట మా లాంచీ వెళ్ళలేకపోయింది. కంప్యూటరు మాత్రం అటూ ఇటూ ఉన్న లోతుల్ని కలిపేసి ఆ ఖాళీని చక్కగా రంగుతో నింపేసింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. నర్సింగరావు గారు ఆ రంగు తీసేయించారు. నడి దారిలో తెల్లటి మచ్చ తేలింది.

మాకీ పటం పని అప్పగించిన కంపెనీ మేనేజరు హైదరాబాదీ. పరుగున వచ్చాడు. "ఏంది సార్ ఇది? రెండు దిక్కుల ఇసుకనే ఉంది కదా, నడుమ మాత్రం ఏముంటది? పొద్దున పడవ పోవాలె. యల్లా, జల్ది పంపుండ్రి."

"మేం గాడికి పోలే. పోని జాగల లోతు నేను రాయ" అన్నారు సార్.

సాయంత్రం మా ఆయన ఫోను. "ఇంకా పటం ఇవ్వలేదంటగా? మా వాళ్ళంతా సామాన్లు సర్దుకుని కూర్చున్నారు. మీ సార్‌కి నువ్వైనా చెప్పొచ్చుగా!" ఏం చెప్పను? నాకూ లోపల అక్కడ ఇసుకే ఉంటుందనిపించింది.

మర్నాడు పొద్దున్నే గాలి తగ్గింది. వలలు తీసేశారు. లాంచీ ఇంకో పనికి పోవడంతో జాలరి పడవ ఒకటి మాట్లాడుకుని వెళ్ళాం. సార్ గుండు దించారు, తీశారు. కొవ్వు నిండా తెల్లటి ఇసుక. మళ్ళీ దించారు, మళ్ళీ ఇసుక. మేనేజరు మొహం, మా ఆయన మొహం కళ్ళ ముందు మెదిలాయి. అంతలో ఒకచోట గుండు అంత లోతు దిగకముందే తాడు వదులైంది. పైకి తీస్తే కొవ్వు ఓ పక్క నొక్కుకుపోయి ఉంది. ఒక్క ఇసుక రేణువు కూడా అంటలేదు.

"సార్?"

"రాయి బిడ్డా. పడవకు తగిలేంత పైకి ఉన్నది."

ఆ రాయి మీదుగా వెళ్ళాల్సిన పడవ ఎక్కేవాళ్ళలో మా ఆయన ఉన్నాడు. ఈత రాదు ఆయనకు.

రాయి దగ్గర గుర్తుగా నీళ్ళ మీద తేలే ఎర్ర బోయా కట్టి, పటం సరిచేసి పంపించాం. ఎండెక్కాక పడవ బయల్దేరింది. మేం ఇంకా అక్కడే ఉన్నాం. బోయాకు దూరంగా మళ్ళి, మా పక్కనుంచే వెళ్ళింది. మా ఆయన చేతిలో బిస్కెట్ ప్యాకెట్‌తో లేచి నిలబడి, "ఇంత ఆలస్యమా!" అని అరిచాడు. ఆ విసుగు వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. నవ్వుతూనే ఏడ్చేశాను.

"ఏడ్వకు బిడ్డా, మంచిగ పోయిన్రు గదా" అన్నారు సార్. తడి తాడును చుట్ట చుట్టి పక్కన పెట్టారు. "ఇగ మనం చాయ్ తాగుదాం."

రిటైరై జగిత్యాల వెళ్ళేటప్పుడు ఆ గుండు నాకిచ్చేశారు. ఇప్పుడు మా యంత్రాలు ఎంతో మెరుగయ్యాయి. అయినా వెళ్ళని చోటు నా పటంలో తెల్లగానే ఉంటుంది. ఎవరు గొంతు పెంచినా అలాగే ఉంటుంది. గుండు మా కారు డిక్కీలో ఉంది. ఐన్ ఖాలిద్‌లో మా ఇంటికి చేరేదాకా ఈ వాసన భరించాల్సిందే. మా ఆయనకు ఇది ఇప్పటికీ గిట్టదు. కానీ డబ్బాలో కొవ్వు అయిపోయిందని నేను చెప్పకముందే కారు జదీదా వైపు తిప్పుతాడు.