గ్యాసుకు వాసన పోసే మనిషి

ఇప్పుడంటే అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్ చుట్టుపక్కల తెలుగువాళ్లకు సొంత చర్చి భవనాలున్నాయి, మైకులున్నాయి, ఒకరి పేరు ఒకరికి తెలియనంత జనం ఉన్నారు. పంతొమ్మిది వందల ఎనభై రెండులో ఉన్నదల్లా పద్నాలుగు కుటుంబాలు, ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చివాళ్లు దయతలచి ఇచ్చే బేస్‌మెంటు. ఆ పద్నాలుగు కుటుంబాల్లో కళ్లు మూసుకుని కూడా గుర్తుపట్టగలిగిన మనిషి ఒక్కడే, దైవాశీర్వాదం. ఆయన మెట్లు దిగకముందే ఆయన వాసన దిగేది.

అది ఆయన ఉద్యోగపు వాసన. గొట్టాల్లో ఇళ్లకు వచ్చే గ్యాసుకు స్వతహాగా ఏ వాసనా ఉండదు. లీకైతే మనుషులకు తెలియాలని అందులో మెర్కాప్టాన్ అనే గంధకపు ద్రవాన్ని చుక్కల లెక్కన కలుపుతారు. ఆ ద్రవం తయారుచేసే ఫ్యాక్టరీలో ఆయన కెమిస్టు. ఎమ్మెస్సీ చదివిన గర్వం ఎక్కడికి పోతుంది? సండే స్కూలు పిల్లలు దొరికితే చాలు, పాఠం అందుకునేవాడు.

"ఆల్కహాల్‌లో ఆక్సిజన్ తీసేసి దాని ప్లేసులో సల్ఫర్ పెట్టామనుకోండి, అదే మెర్కాప్టాన్. మీ మమ్మీ వాడే వెల్లుల్లి, ఇంగువ, వాటి వాసనలన్నీ దీనికి కజిన్సే. వంద కోట్ల పాళ్ల గాలిలో ఒక్క పాలున్నా మన ముక్కు పట్టేస్తుంది!"

"వి నో, అంకుల్!" అనేవాళ్లు పిల్లలు, ముక్కులు మూసుకుని.

కొత్తగా దిగిన తెలుగువాళ్లను ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చేదీ ఆయనే. జనవరి చలిలో కారు అద్దాలు దించుకుని, పళ్లు టకటకలాడుతుంటే, ఆ కారెక్కని కుటుంబం మా వాళ్లలో లేదు. ఎంత మంచి రోజులవి! వింతేమిటంటే, అందరికీ తెలిసే ఆ వాసన ఆయనకు మాత్రం తెలియదు. పదకొండేళ్లు అందులోనే మునిగిన ముక్కు దాన్ని పట్టించుకోవడం ఎప్పుడో మానేసింది.

ఆ ఏడు డెట్రాయిట్ అంతటా ఉద్యోగాలు ఊడాయి. సంఘపెద్ద ఆమోసు ప్రతి ఆదివారం పని పోయినవాళ్ల పేర్లు చదివి ప్రార్థన చేసేవాడు. అందరికంటే గట్టిగా ఆమెన్ అనేది దైవాశీర్వాదమే. నవంబరు ఆఖర్లో ఆయన పనీ పోయింది. ఆ సంగతి ఆమోసుకు చెప్పలేదు, భార్య జ్ఞానమ్మకూ చెప్పలేదు. రోజూ పొద్దున్నే లంచ్ బాక్సు పట్టుకుని బయల్దేరడం, లైబ్రరీలో కూర్చుని సాయంత్రం దాకా కెమిస్ట్రీ పుస్తకాలు తిరగేయడం, వేళకు ఇల్లు చేరడం. మెర్కాప్టాన్ దైవాశీర్వాదంగా తప్ప తానెవరో ఆయనకే తెలియదు. ఆ పేరూ పోతే తలెత్తుకోవడం ఎలాగన్న సిగ్గు ఆయన్ని తినేసింది.

అలా మూడో ఆదివారం వచ్చింది. ఆరాధన ముగిసింది. పులావు వేడి చేద్దామని ఆమోసు భార్య దేవకుమారి బేస్‌మెంటు వంటగదిలోకి వెళ్లింది. అక్కడున్నది అగ్గిపుల్లతో వెలిగించే పాత స్టవ్వు. హాల్లో కూర్చున్న దైవాశీర్వాదం ఉన్నట్టుండి ముక్కు ఎగబీల్చాడు. అదే వాసన! ఎన్నేళ్లయిందో అది తెలిసి. పోయిన ముక్కు తిరిగొచ్చిందని ఒక్క క్షణం చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. మరుక్షణం ఆ వాసన వంటగది వైపు నుంచి వస్తోందని తట్టింది.

"గ్యాస్ లీకవుతోంది! అందరూ బయటికి పదండి!"

హాలంతా గొల్లున నవ్వింది.

"మీ సెంటు మాకు కొత్తా అన్నయ్యా? ఇవాళ డ్యూటీ నుంచి డైరెక్ట్‌గా వచ్చేశారా?" అంది వంటగదిలోంచి దేవకుమారి, అగ్గిపెట్టె అందుకుంటూ.

"కోటు కార్లో పడేసి రండి బ్రదర్, లీకు ఆగిపోద్ది," అన్నాడు ఆమోసు.

గ్యాసు లీకైతే జనం లేచి పరుగెత్తాలనే పదకొండేళ్లు పనిచేశాడు. తీరా లీకైతే, ఆయన ఉన్నాడన్న ధీమాతో ఒక్కరూ కదలడం లేదు. ఇక దారి ఒక్కటే. జ్ఞానమ్మ వైపు చూడకుండా లేచి నిలబడ్డాడు.

"ఆ వాసన నాది కాదు!" అని అరిచాడు. "నేను ఫ్యాక్టరీకెళ్లి మూడు వారాలైంది. నన్ను లేఆఫ్ చేశారు. నా ఒంటి మీద ఒక్క చుక్క లేదు. అమ్మా దేవకుమారీ, ఆ పుల్ల గీయకమ్మా!"

నవ్వు ఆగిపోయింది. దేవకుమారి అగ్గిపెట్టె అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. దొరికిన పిల్లనల్లా చంకనేసుకుని జనం మెట్లెక్కారు. కోట్లు కూడా లేకుండా మంచులో నిలబడ్డారు.

గ్యాసు కంపెనీ మనిషి వచ్చి, స్టవ్వు వెనక గొట్టం అతుకు విడిపోయిందని తేల్చాడు. ఒక్క పుల్ల గీసి ఉంటే చాలునన్నాడు. ఆమోసు వచ్చి దైవాశీర్వాదం చేతులు పట్టుకున్నాడు.

జ్ఞానమ్మ దగ్గరికొచ్చింది. ఆయన తల దించుకుని, "నీకు చెప్దామనే అనుకున్నా," అన్నాడు.

"నాకు తెలుసండీ."

ఆయన తలెత్తాడు.

"మీ బట్టలు ఉతికేది నేనేగా," అందామె. "ఒక రోజు మీ చొక్కాకు వాసన లేదు. మర్నాడూ లేదు. మీరే చెప్తారని ఊరుకున్నా. ఎప్పుడు పోతుందా, ఎప్పుడు పోతుందా అని పదకొండేళ్లు ఎదురుచూసిన వాసనండీ అది. పోయిన రోజు వాషర్ పక్కన కూర్చుని ఏడ్చాను."