ఖాట్మండుకు ఎన్ని ముళ్ళు?

మొన్న రేకుపెట్టె సర్దుతుంటే అడుగున మూరెడు అడ్డనార తాడు చేతికి తగిలింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వేడన్నం వడ్డించిన విస్తరాకు వాసన సన్నగా వచ్చింది. ముప్ఫై ఏళ్ళ తాడుకు అంత యాదుండటం గొప్పే, నాకు పొద్దున పెట్టిన తాళంచెవులే గుర్తుండవు. దానికి ఏడు ముళ్ళున్నాయి. ఏడూ కలిపితే ఒక విదేశీ నగరం.

పాల్వంచ దాటాక అడవి మొదలయ్యే చోట ఉండేది మా ఊరు. ఎండలు ముదిరి, ఇప్పపూల తీపి వాసన ఊరంతా కమ్ముకునే రోజుల్లో, కోయగూడెం నుంచి లచ్చక్క విస్తర్లు కుట్టే అడ్డాకుల మోపు నెత్తిన పెట్టుకొని వచ్చి మా నాయనమ్మ పక్కన కూలబడి చుట్ట వెలిగించేది. వాళ్ళింట్లో పెళ్ళయితే శుభలేఖ ఉండదు, నారతాడు వస్తుంది. పెళ్ళికి ఎన్ని రోజులుంటే అన్ని ముళ్ళు; పొద్దున్నే ఒకటి విప్పాలి, ఆఖరిది విప్పిన రోజు పెళ్ళి. ఆ ఉద్యోగం నాది. ఒకసారి ఉత్సాహం ఆపుకోలేక రెండు విప్పి, ఇంటిల్లిపాదినీ పెళ్ళికి ఒకరోజు ముందే దింపిన ఘనత కూడా నాదే.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు పాల్వంచ నుంచి యాత్రల బస్సు బయల్దేరింది: కాశీ, గయ, ఆపైన ఖాట్మండు. అసలు ఆ నగరం పిచ్చి మా తాతది. గోడ మీద పాత క్యాలెండరులో దాని బొమ్మ ఏళ్ళ తరబడి చూసి, వెళ్దామనుకునేసరికి చూపు పోయింది.

"నువ్వు పోయి సూసిరా. ఒక్కటి ఇడవకుండ నాకు చెప్పాలె" అన్నాడు నాయనమ్మతో.

"సదువు రానిదాన్ని, గన్ని నాకెట్ల యాదుంటయయ్యా?"

ఉపాయం లచ్చక్క చెప్పింది. తాడు చేతికిచ్చి, చూసినదానికల్లా ఒక ముడి వెయ్యమంది. ఆ సమయంలో నేను ఇంట్లో లేను. కథ చెడింది అక్కడే.

నన్ను నాయనమ్మకు తోడు పంపారు. తాత నా భుజం మీద చెయ్యి వేసుకొని నడిచేవాడు, కాబట్టి బస్సు కదిలింది మొదలు నా దిగులంతా ఆ చెయ్యి ఇప్పుడు ఎక్కడ ఉందోనని. సీట్ల కింద బియ్యం బస్తాలు, పైన పచ్చడి జాడీలు, కిటికీలకు ఆరేసిన తడి చీరలు, డీజిలు వాసనలో కలిసిన పులిహోర వాసన. అలా ఒకరోజు దేశమే దాటేశాం. సరిహద్దులో పోలీసాయన మనుషులను వదిలేసి గోంగూర జాడీని మాత్రం అనుమానంగా చూశాడు.

ఖాట్మండులో నడివేసవిలో కూడా పొద్దున్నే చలి. గొడుగు మీద గొడుగు పెట్టినట్టు కప్పులున్న ఇటుక గుళ్ళు, నల్లబడ్డ చెక్క కిటికీలు, నాలుగు వైపులా కళ్ళు గీసిన తెల్లటి స్తూపం. ఒక ఇంట్లో బతికున్న దేవత ఉందంటే వెళ్ళాం. కిటికీలోంచి నా ఈడు పిల్ల తొంగిచూసింది, అందరూ దండం పెట్టారు. ఆ పిల్ల నవ్వలేదు. బడికి పోయే పని లేకుండా అందరితో దండాలు పెట్టించుకుంటే నేనైతే రోజంతా నవ్వేదాన్ని.

అక్కడే నాయనమ్మ సంచిలో తాడు కనబడింది. దానికి ఎన్ని ముళ్ళుంటే ఇంటికి చేరడానికి అన్ని రోజులుందన్నమాట అనుకున్నాను. పాపం విప్పడం మరిచిపోయిందని, పొద్దున్నే నేనే ఒకటి విప్పాను. మర్నాటికి రెండు పెరిగాయి. ఇల్లు దూరమైపోతోందని భయం పట్టుకొని, నాయనమ్మ స్నానానికి వెళ్ళినప్పుడల్లా రెండేసి, మూడేసి విప్పాను.

గోరఖ్‌పూర్ దాటాక ఆమె తాడు బయటికి తీసింది. ఒక్కటే ముడి ఉంది.

"ఏందే ఇది? ఎవలు విప్పిన్రు?"

"నేనే. జల్దీ ఇంటికి పోదామని" అన్నాను గర్వంగా.

తిట్టలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆమె తిట్టకపోతే ఎంత ప్రమాదమో మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఇంటికొచ్చాక తాత తాడంతా తడిమాడు. "గంత దూరం పోయి ఒక్కటేనా సూసింది?"

"నీ మనుమరాలు చెప్తది, దాన్నడుగు" అంది నాయనమ్మ.

రోజూ సాయంత్రం వేపచెట్టు కింద నులకమంచం మీద నాకు శిక్ష అమలయ్యేది. ఒక్కో వింత చెప్పి ఒక్కో ముడి వెయ్యాలి. తాత మాటలతో ఊరుకునే రకం కాదు. స్తూపం కోసం గంప బోర్లించి ఆయన చేతికిచ్చాను. "కండ్లేవే?" అన్నాడు. బియ్యప్పిండి తడిపి, వేళ్ళకు తగిలేట్టు కళ్ళు అంటించాను. అలా ఆరు సాయంత్రాలు, ఆరు ముళ్ళు.

"మరి ముందుగాల ఉన్న ఈ ముడేంది?"

నాకు తెలియదు. నాయనమ్మ చాటలోంచి తలెత్తలేదు. "గది సూసింది కాదయ్యా. గుడి మెట్లకాడ ఒక ముసలాయన ముసల్దానికి చెయ్యిచ్చి ఎక్కిస్తున్నడు. నువ్వు యాదికొచ్చినవ్."

తాత ఆ ముడిని బొటనవేలితో అటూ ఇటూ నిమిరాడు. ఏడుస్తాడేమోనని నేను భయపడ్డాను.

"పదిహేను దినాలు తిరిగి, ఒక్కపారేనా యాదికొచ్చింది?"

"మిగిలినవి నీ మనుమరాలు విప్పింది."

తాత, నాయనమ్మ, లచ్చక్క, ముగ్గురూ ఇప్పుడు లేరు. నేను చూసిన గుళ్ళలో కొన్ని భూకంపానికి కూలాయట. లచ్చక్క మునిమనవడి పెళ్ళి కబురు ఫోనుకొచ్చింది. తేదీ, సమయం, రంగుల బొమ్మ అన్నీ ఉన్నాయి, విప్పడానికే ఏమీ లేదు. చేతులు ఊరుకోక, మొన్న ఆ మొదటి ముడి విప్పబోయాను. అప్పుడూ ఎంత గుంజినా రానిది అదొక్కటే. మళ్ళీ గోరు విరిగింది.