సార్డీన్లు వచ్చిన బల్ల ఆదివారం

మా చిన్నప్పుడు... సంఘ పెద్ద, డీకన్ నతానియేలు గారు ప్రార్థన మొదలుపెడితే ముందు బెంచీలో పసిపిల్లలు నిద్రపోయి, లేచి, ఏడ్చి, మళ్ళీ నిద్రపోయేవాళ్ళు. చాట్స్‌వర్త్‌లో మా తెలుగు బాప్టిస్టు చర్చి అది. తెల్లవాళ్ళు, జూలూలు, మేము... దేశమంతా కలిసి తొలిసారి ఓటేసిన ఏడాది, చలికాలం. ఆ వారం ప్రభు బల్ల... రొట్టె, ద్రాక్షరసం తెల్లగుడ్డ కింద సిద్ధంగా ఉన్నాయి.

నా పక్కన మా అవ్వ. ఆవిడకి అటుపక్క ఒక మనిషి పట్టేంత ఖాళీ. అక్కడ ఎవర్నీ కూర్చోనిచ్చేది కాదు. అది మా చిన్నాన్న దావీదు చోటు.

చిన్నాన్న సముద్రం ఒడ్డున వల లాగేవాడు. చలికాలంలో మా తీరానికి సార్డీన్ చేపలు గుంపులు గుంపులుగా వస్తాయి. అవ్వ వాటిని కవళ్ళు అనేది. అవి వారం చూసుకుని రావు కదా... ఓసారి ఆదివారం వచ్చాయి, చిన్నాన్న వల వేశాడు. డీకన్ గారు పట్టుబట్టి అతన్ని బల్లకు దూరం పెట్టించారు. సంఘం ముందు నిలబడి, ఆదివారం వల లాగడం పాపమని ఒప్పుకుంటేనే మళ్ళీ రొట్టె అన్నారు.

తర్వాత, బైబిల్లో నియమాల పేరిట జనాన్ని తప్పుపట్టే పరిసయ్యుల గురించి లావుపాటి పుస్తకాలు చాలా చదివాను. కొత్తగా తెలిసిందేమీ లేదు, ఆయన్ని ముందే చూశాను కనుక.

చిన్నాన్న ఒప్పుకోలేదు. "మీ దేవుణ్ణి మీరే ఉంచుకోండి" అని వెళ్ళిపోయాడు. మొదట చర్చి మానేశాడు. తర్వాత అన్నం ముందు ప్రార్థన మానేశాడు. తర్వాత బైబిలు మూశాడు. సాయంత్రాలు సీసాతో గడిచేవి...

అవ్వ అతన్ని ఒక్క మాట అనలేదు. కానీ రొట్టె పళ్ళెం తన దాకా వస్తే, తీసుకోకుండా పక్కవాళ్ళకి అందించేది. "నా కొడుకు తిన్ననాడే నేనూ తింటాను" అనేది. అలా ఏళ్ళు గడిచాయి.

ఆ ఆదివారం డీకన్ గారి ప్రార్థన ఇంకా ఆదాము దగ్గరే ఉంది. బయట బండి హారన్ మోగింది. వెంటనే ఒక కేక... "సార్డీన్స్! సార్డీన్స్ ఒడ్డుకొచ్చేశాయ్!"

ముందు వెనకబెంచీ కదిలింది. తర్వాత గాయక బృందం. కళ్ళు మూసుకున్న డీకన్ గారు మోషే దాకా వచ్చేసరికి సగం చర్చి ఖాళీ! అవ్వ నేల తుడిచే బకెట్ నా చేతికిచ్చి, జూలూ మాటతో అదిలించింది. "చెచ్చా, చెచ్చా! తొందరగా నడవరా. ప్రభువుకి చేపల సంగతి మనకంటే బాగా తెలుసు."

దొరికిన బండి ఎక్కి అందరం సముద్రానికి. కొన్నేళ్ళ కిందటిదాకా తెల్లవాళ్ళకు మాత్రమే అని బోర్డు ఉన్న బీచ్ అది. బోర్డు తీసేసినా మా పెద్దవాళ్ళ కాళ్ళు అటు పడేవి కాదు. ఆ రోజు ఆ సంగతే ఎవరికీ గుర్తు రాలేదు. తెల్ల ముసలావిడ టోపీతో, జూలూ పిల్లలు చొక్కాలతో, మా మరియమ్మ ఆంటీ కొత్త హ్యాండ్‌బ్యాగుతో... ఎవరికి దొరికింది వాళ్ళు ముంచుతున్నారు. నీళ్ళ నిండా వెండి!

చిన్నాన్న తన జట్టుతో వల లాగుతున్నాడు. అతనికి నాలుగడుగుల దూరంలో, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, బల్ల పక్కన పూలు పెట్టే బకెట్ నిండా చేపలతో... డీకన్ గారు! ఆమెన్ ఎప్పుడన్నారో, అసలు అన్నారో లేదో.

"ఏం డీకన్ గారూ! ఇవాళ సోమవారమా, మ్యాన్?" అని మరియమ్మ ఆంటీ గట్టిగా అరిచింది. ఒడ్డంతా నవ్వు. తర్వాత అందరూ చిన్నాన్న వైపు చూశారు. నేనైతే ఆ క్షణం కోసమే ఎదిగాను.

చిన్నాన్న తాడు పక్కవాడికిచ్చాడు. "వదిలెయ్ ఆంటీ."

"నిన్ను అంత మాటన్నోడు కదరా!"

"యా, అన్నాడు. చేపల గురించి ఈయన చెప్పింది అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. కానీ బైబిలు మూసింది ఈయన కాదు, నేను. అమ్మ కళ్ళెదుట తాగింది నేను. ఈయన మీద కోపం ఉంటే చాలు, దేవుడికి జవాబు చెప్పక్కర్లేదు అనుకున్నా. ఇంక ఓపిక లేదు ఆంటీ. తిరిగి రావాలని ఉంది."

మా చర్చి కుర్ర పాస్టర్ గారు బూట్లు చేత్తో పట్టుకుని నీళ్ళలోంచి వచ్చారు. "అయితే రా బ్రదర్. బల్ల ఇంకా ఎత్తలేదు. ఇవాళ అందరం తిరిగి వెళ్ళాల్సినోళ్ళమే."

అవ్వ ఏడుస్తూ నవ్వింది. "ముందు చేతులు కడుక్కో, సచ్చినోడా!"

అలా మా సంఘం మొత్తం చేపల కంపుతో చర్చికి తిరిగొచ్చింది. చిన్నాన్న అందరి ముందూ నిలబడి అవే మాటలు మళ్ళీ చెప్పాడు. వల గురించి మాత్రం ఒక్క ముక్క ఒప్పుకోలేదు. తిరిగి చేర్చుకునేటప్పుడు డీకన్ కుడిచెయ్యి అందించడం మా వాడుక. పొలుసులు అంటిన ఆ చెయ్యి అందించక తప్పలేదు ఆయనకి. క్షమాపణ అడగలేదు. బకెట్టూ ఖాళీ చెయ్యలేదు.

పళ్ళెం వచ్చింది. చిన్నాన్న తీసుకున్నాడు. అవ్వ తీసుకుంది. ఆ చిన్న ముక్కని ఎంతసేపు నమిలిందంటే, ద్రాక్షరసం గిన్నెలు పట్టుకుని అందరం ఆవిడ కోసం ఆగాం...

చిన్నాన్న డీకన్ గారిని క్షమించాడు. చివరికి ఆయన శవపేటికని కూడా మోశాడు. నేను క్షమించలేదు. నెత్తి నెరిసింది, ఇంకా లేదు. ఆయన మనవలు ఇది చదువుతారని తెలిసే రాస్తున్నాను.

ఇప్పుడు మా చర్చిలో ఎవరినీ దేనికీ దూరం పెట్టరు. మంచిదే. కానీ ఎవరైనా రావడం మానేస్తే ఎందుకని అడిగేవాళ్ళూ లేరు... ఫోన్‌లో ఒక బైబిలు వాక్యం బొమ్మ పంపి ఊరుకుంటాం.

మీ ఇళ్ళల్లో అలా దేవుణ్ణి వదిలి వెళ్ళి, మళ్ళీ వచ్చినవాళ్ళుంటే చెప్పండి... ఇంకా రానివాళ్ళుంటే, ముందు వాళ్ళకి ఫోన్ చేసి, తర్వాత ఇక్కడ రాయండి.