ఇనుప గొడుగుకి రఫ్ఫు

మా ఆయనకి చిరుగు కనపడితే అన్నం సయించదు. పొగుడుతున్నాననుకునేరు, కాదు, ఇది నా మొర. ఒకసారి బస్సులో మా ముందు సీటాయన కాలరు అరిగి పోగులు లేచాయి. ఈయన ఎక్కిన దగ్గర్నుంచీ ఆ మెడ వంకే చూస్తున్నాడు. చివరికి ఆ మెడగల మనిషి వెనక్కి తిరిగి "ఏంటండీ, నన్నలా చూస్తున్నారు?" అన్నాడు. "మిమ్మల్ని కాదండీ, కాలర్ని" అన్నాడు మా ఆయన. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ, ఈ మనిషెవరో నాకు తెలియనట్టు కూర్చున్నాను.

ఆయన చేసేది రఫ్ఫు పని. చిరిగినచోట గుడ్డముక్క వేసి కుట్టడం కాదు, అది ఎవరైనా చేస్తారు. అదే బట్టలో, లోపలి మడతలో, ఎవరి కంటా పడని చోటునుంచి పోగులు లాగి, ఒక్కొక్కటే చిరుగు మీద మళ్ళీ నేయాలి. దారం బయటినుంచి తేకూడదు. "ఆ ఒంటి నెత్తురే ఆ ఒంటికి పడుతుంది" అంటాడు. మా మెట్ల కింద ఇరుకు కొట్టు, అందులో ఒక బల్ల, ఒక దీపం, సూదులు అంటించి పెట్టే అయస్కాంతం ముక్క. పని అయ్యాక కోటునో స్వెట్టరునో బల్ల మీద పరిచి, వచ్చినవాళ్లతో "వెతకండి" అంటాడు. అతుకు దొరికితే డబ్బులివ్వక్కర్లేదు. నేను కాపురానికి వచ్చాక దొరకబుచ్చుకున్నవాణ్ణి చూడలేదు. అందుకే వీధిలో ఆయన్ని కనపడని మాస్టారంటారు. మనిషి మాత్రం ఎప్పుడూ కనపడుతూనే ఉంటాడు, నేను ఎటు తిరిగితే అటు అడ్డంగా.

అలాంటి మనిషికి చెయ్యి వణకడం మొదలైంది. మొదట టీ కప్పు దగ్గర, తర్వాత సూది దగ్గర. డాక్టరు మాత్రలు రాసిచ్చి, "పొద్దున వేసుకున్నాక కాసేపు నిలకడగా ఉంటుంది. రానురాను ఆ కాసేపూ తగ్గిపోతుంది" అని ఉన్నమాట చెప్పేశాడు. కొట్టు మూసేద్దామని నేను, చూద్దాంలే అని ఆయన. సన్నపని ఇంకొకటో రెండో చేయగలడు, అంతకుమించి లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం పైకి అనలేదు.

పని తగ్గినవాడికి పాత పెట్టెలే కాలక్షేపం కదా. సర్దుతూ సర్దుతూ ఒక బొమ్మల కథల పుస్తకం తీశాడు. చిన్నప్పుడు జ్వరం వస్తే వాళ్ల నాన్న కొనిచ్చాడట. పేరు 'ఇనుప గొడుగు వీరుడు'. అట్ట మీద ఒక ముసుగు మనిషి గడియార స్తంభం ఎక్కి, పిడుగులకి గొడుగు అడ్డం పెట్టి నిలబడి ఉంటాడు. ఇనుప గొడుగు పట్టుకుని పిడుగుల్లో నిలబడేవాడు వీరుడెలా అవుతాడో, వాడికి అమ్మా నాన్నా లేరా చెప్పడానికి అని నేనంటే, మా ఆయనకి కోపం వచ్చింది.

ఆ పుస్తకం బల్ల మీద ఉండగా కోటాయన వచ్చాడు. అసలు పేరు తెలియదు. మోచేతి దగ్గర చిరిగిన కోటు తెచ్చాడు కాబట్టి మాకు కోటాయన. కోటు సంగతి మరిచిపోయి, పుస్తకాన్ని చూసి, పసిపిల్లని ఎత్తుకునే ముందు అడిగినట్టు "ముట్టుకోవచ్చా?" అని అడిగాడు. పాత బొమ్మల పుస్తకాలు కూడబెట్టడం ఆయనకి పిచ్చట. ఇది మొదటి సంచిక అనీ, ఎక్కడో తప్ప మిగల్లేదనీ చెప్పి, తాను ఎంతకి కొంటాడో అన్నాడు. నేను లోపలికెళ్లి మంచినీళ్లు తాగి వచ్చి, మళ్ళీ ఒకసారి చెప్పమన్నాను. నిజంగానే అంత అన్నాడు. కొట్టు కట్టేసి ఇద్దరం కాలు మీద కాలు వేసుకుని కూర్చోవచ్చు.

"ఇప్పుడు లోపలికి తెరవను. పుస్తకం వెన్ను బలహీనంగా ఉంది. వచ్చే వారం నా సరంజామాతో వచ్చి పేజీ పేజీ చూసి తీసుకుంటాను" అన్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. "మాస్టారూ, ఒక్క మాట. చిరిగితే చిరిగింది, మాస్తే మాసింది. ఎలా ఉన్నదాన్ని అలాగే ఉంచండి. బాగుచేస్తే విలువ పోతుంది."

పొయ్యి మీద పాలు పెట్టి పొంగకు అని చెప్పి వెళ్లినట్టుంది.

ఆయన అటు వెళ్లగానే ఈయన పుస్తకం తెరిచాడు. మధ్య పేజీలో ఆకాశం నిండా నీలం, దానికి వేలిగోరంత చిల్లు, పురుగు కొట్టింది. ఆ చిల్లులోంచి ఒక చిరుగు బయల్దేరి గొడుగు దాకా పాకింది. మా ఆయన ముఖం చూశాను. అయిపోయింది అనుకున్నాను.

ఇక ఆ వారమంతా ఆయన కాలు కాలిన పిల్లే. కూర్చుంటాడు, లేస్తాడు, పుస్తకం తెరుస్తాడు, నిట్టూరుస్తాడు, మూస్తాడు. నేను దాన్ని తీసుకెళ్లి అలమరలో దుప్పట్ల కింద పెట్టాను. వెళ్లి అలమర ముందు నిలబడ్డాడు.

"అందులో ఏముందండీ?"

"దుప్పటి అంచు ఊడిందేమో చూద్దామని."

"ఊడలేదు. మీరు రండి."

అన్నం తింటూ ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయేవాడు. "తెరిచినప్పుడల్లా చిరుగు పెరుగుతోందే. ఇంకో నాలుగుసార్లు తెరిస్తే గొడుగు రెండు ముక్కలవుతుంది."

"తెరవకండి మరి."

"ఆయన తెరవకుండా కొంటాడా?"

 ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. మండిన ఒంటితోనే ఒక ఉపాయం చెప్పాను. పెద్ద లైబ్రరీలో పాత కాగితాలు బాగుచేసే ఆవిడ ఉందని విన్నాను, ఆవిడ్ని అడుగుదాం పదండి అన్నాను. ఆవిడైనా వద్దంటుందని నా ఆశ.

ఆవిడ గది నిండా బరువైన రాళ్లు, వాటి కింద కాగితాలు. పుస్తకం తెరిచి చూసి, "అమ్మదలిస్తే ముట్టుకోకండి. ఉంచుకోదలిస్తే నేను పల్చటి వేరే కాగితం వేసి అతికిస్తాను" అంది.

"వేరే కాగితమా! తెలిసిపోదూ?"

"తెలియాలండీ. దగ్గర్నుంచి చూస్తే ఇక్కడ అతుకుందని తెలియాలి. రేపు కావాలంటే తడిపి తీసేయగలగాలి. తెలియకుండా అతికితే చూసేవాళ్లని మోసం చేసినట్టే."

ఆవిడ మంచిగానే చెప్పింది. కానీ మా ఆయన తిరుగుదారిలో నోరు విప్పలేదు. విప్పింది ఎక్కడ? సరిగ్గా రోడ్డు మధ్యలో.

"అంటే ఇన్నేళ్లూ నేను మోసం చేశానా?"

అటూ ఇటూ బండ్లు హారన్లు కొడుతున్నాయి. "ముందు రోడ్డు దాటండి మహానుభావా, మోసం సంగతి అవతల మాట్లాడుకుందాం" అని చెయ్యి పట్టుకుని లాగాను. ఆ చెయ్యి మామూలు కన్నా ఎక్కువ వణుకుతోంది. ఇంటిదాకా దాన్ని వదల్లేదు.

ఇంటికొచ్చాక "కనపడేలా అతకడానికి నేనెందుకు, జిగురు సీసా చాలదూ" అని గొణిగాడు. తర్వాత "అలాగే ఉంచేద్దాం" అన్నాడు. కాసేపటికి "ఉంచితే పోతుంది" అన్నాడు. మింగలేక, కక్కలేక. నేనూ ఊరుకోలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట, మన సంగతి అలా చేయకండి అని మొత్తుకున్నాను. ఆయన తల ఊపాడు. ఆయన తల ఊపితే విన్నట్టు కాదు, ఇంకేదో ఆలోచిస్తున్నట్టు.

మర్నాడు పొద్దున కూరగాయలు తెచ్చి మెట్లు ఎక్కబోతూ కొట్టులోకి చూశాను. బల్ల మీద తెల్ల గుడ్డ, దాని మీద పుస్తకం. మాత్ర వేసుకున్న నీళ్ల గ్లాసు పక్కనే ఉంది. ఈయన బ్లేడుతో చివరి పేజీ మీదికి వంగి ఉన్నాడు. చిల్లు ఉన్నది మధ్య పేజీ, కోస్తున్నది చివరి పేజీ! వెన్ను మడతలో, ఎవరూ చూడని చోట, ఆ పేజీకి కూడా నీలం ఆకాశమే ఉంది. ఆ నీలంలోంచి వేలిగోరంత తీస్తున్నాడు. ఆ ఒంటి నెత్తురు ఆ ఒంటికే.

ఒక చిల్లు పూడ్చడానికి ఇంకో చిల్లు. లోకంలో ఏ పుస్తకాలవాడూ చేయని పని, రఫ్ఫు చేసేవాడు తప్ప. కేక వేద్దామని నోరు తెరిచాను. కానీ నేను అరిస్తే ఆ చెయ్యి కదులుతుంది. సంచీ కూడా కింద పెట్టకుండా గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ముక్కని చిల్లులో కూర్చాడు. దాని అంచుల పీచు సూదిమొనతో రేపి, చిరుగు పీచుతో కలిపి, పిండి జిగురు తడి అద్ది, వేలితో కాకుండా నున్నగా అరిగిన ఎముక ముక్కతో నొక్కాడు. అంతసేపూ ఆ చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. దాంతోపాటు ఇంకేదో వచ్చి, నన్ను కదలనివ్వలేదు.

తల ఎత్తి నన్ను చూసి, "ఎంతసేపైంది వచ్చి?" అన్నాడు.

"మన కొంప ములిగేటప్పటికే వచ్చాను" అన్నాను.

వస్తానన్న రోజుకి కోటాయన వచ్చాడు, బ్యాగు, భూతద్దం, తెల్ల చేతితొడుగులతో. పేజీ పేజీ తిప్పుతున్నాడు. మధ్య పేజీ వచ్చింది. అద్దం ఆకాశం మీదుగా వెళ్లింది, గొడుగు మీదుగా వెళ్లింది, అవతలి పేజీకి పోయింది. చివరి పేజీలో మడత లోపలికి ఆయన చూడనే లేదు.

"లోపల ఇంత శుభ్రంగా ఉంటుందనుకోలేదు మాస్టారూ" అని సంతోషంగా బ్యాగులోకి చెయ్యి పెట్టాడు.

నేను మా ఆయన వైపు చూశాను. నోరెత్తకండి అని కళ్లతోనే దణ్ణం పెట్టాను. ఆయన నా వైపు చూడలేదు. మధ్య పేజీ తెరిచి, ఆ మనిషి ముందుకి జరిపాడు.

"వెతకండి."

"ఏం వెతకాలండీ?"

"అతుకు."

కోటాయన ముఖం పాలిపోయింది. వెతికాడు. దీపం దగ్గరికి లాక్కుని వెతికాడు, పేజీని వెలుతురుకి ఏటవాలుగా పట్టి వెతికాడు. నుదుటి మీద చెమట తుడుచుకుని, "హాస్యమాడకండి. ఇక్కడేమీ లేదు" అన్నాడు. ఇక్కడితో మా ఆయన చాలు అనాలి. ఇన్నేళ్లుగా అక్కడితోనే చాలు అన్నాడు. అతుకు ఎక్కడో తానే చూపించడం ఆయన వృత్తిలో లేదు. అలాంటిది వేలు పెట్టి, "ఇదుగో, ఇక్కడ" అన్నాడు. చివరి పేజీ మడత విప్పి, "దీనికి పోగు ఇక్కణ్ణుంచి తీశాను" అని అది కూడా చూపించాడు.

"దీన్ని కోసి దానికి పెట్టారా! ఎంత పని చేశారు మాస్టారూ!"

"మరి పక్కింటి నుంచి తెస్తానా?"

కోటాయన స్టూలు మీద కూలబడ్డాడు. ఆయన్ని తిట్టలేను, ఆయన తప్పేం లేదు. ఇక కొనలేనన్నాడు, చాలా నొచ్చుకుంటూ అన్నాడు. తొడుగులు విప్పి బ్యాగులో పెట్టుకున్నాడు. మళ్ళీ మనసు మార్చుకుని, వట్టి కళ్లతో వంగి, "ఎక్కడన్నారు? ఇంకొక్కసారి చూపించండి" అని అడిగాడు. మా ఆయన చూపించాడు. ఆయన చాలాసేపు చూసి, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

ఇక నా వంతు. "నోరు మూసుకుంటే ఏం పోయేదండీ? ఆయనకి దొరకలేదు, ఆయన తర్వాత ఎవడికీ దొరకదు. ఆ లైబ్రరీ ఆవిడ మోసం అందనేనా? అంత నీతిమంతులైతే బ్లేడు పట్టకముందు గుర్తుండాలి!"

"నీతి కాదులేవే" అన్నాడు. మాత్ర బలం తగ్గినట్టుంది, చెయ్యిని మోకాలి కింద దాచుకున్నాడు. "బాగా చేసిన పని ఒక్కటీ ఎవరూ చూడలేదు. చూడలేకపోతేనే బాగా చేసినట్టు. ఎన్ని చొక్కాలు, ఎన్ని కోట్లు. వేసుకున్నవాళ్లే మరిచిపోయి ఉంటారు. ఇదింక ఆఖరిది. ఒక్కడైనా చూడాలనిపించింది."

తిట్టడానికి నా దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. బల్ల మీది దీపం ఆర్పేశాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, పట్టపగలు, నోరు తెరుచుకుని నిద్రపోయాడు. ఆ వారంలో అంత నిద్ర పోవడం అదే మొదలు. ఇప్పుడు నిలవలేకపోతున్నది నేను. గిన్నెలు సర్దాను, సర్దినవే మళ్ళీ సర్దాను, వీధిలోకి వెళ్లాను, వచ్చాను. చివరికి ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని మధ్య పేజీ తెరిచాను. ఇందాక ఆయన వేలు పెట్టింది ఎక్కడో నేను కళ్లారా చూశాను. సరిగ్గా అక్కడే చూశాను. కళ్లజోడు తుడుచుకుని చూశాను, వేలితో తడిమి చూశాను. నాకూ దొరకలేదు. అప్పుడు ఏడుపొచ్చింది.